ప్రకటనకీ సరుక్కీ మధ్య: యాడ్ ఏజెన్సీలో శ్యామ్ బెనెగళ్

మా ఎల్లారెడ్డి గురించి చాలా ఏళ్లు నేనొక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పింది కాదు. మా మేనమామ చెప్పిందే నేనూ చెప్పాను. “అంకుర్ సినిమా మన ఎల్లారెడ్డిలనే తీసిన్రు, షబానా ఆజ్మీని జూడనీకె జనం ఎగబడ్డరు” అనేవాడు. కామారెడ్డిలో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఈ ముచ్చట చెప్పి నాలుగు రోజులు గొప్పగా తిరిగాను. హైదరాబాద్ వచ్చాక ఒక ఫిల్మ్ క్లబ్‌లో ఇదే చెప్తే పక్కనున్న పెద్దాయన నవ్వాడు. “అది ఎల్లారెడ్డి కాదు బాబూ, ఎల్లారెడ్డిగూడ. మన అమీర్‌పేట పక్కన. అప్పట్లో ఊరే” అన్నాడు.

ఆ రోజు తల ఎత్తలేకపోయాను. ఇప్పుడు చూస్తే మా మామది అంత పెద్ద తప్పనిపించదు. దొర, పొలం, కల్లు, పంచాయితీ. మా దిక్కు ఎవరు చూసినా తమ ఊరే అనుకునేలా ఉంటుంది ఆ సినిమా. తీసినవాడు అలా అనుకోవాలనే తీశాడు. ఒక ఊరిని చూపించి పది ఊళ్లవాళ్లు “ఇది మాదే” అనుకునేలా చేయడం చిన్న పని కాదు. ఈ పని బెనెగళ్ ఎక్కడ నేర్చుకున్నాడు?

యాడ్ ఏజెన్సీలో. ఇదే నా వాదన. ఈ మాట పొగడ్తగా అంటున్నానా, ఫిర్యాదుగా అంటున్నానా అంటే, రెండూ.

2024 డిసెంబర్ 23న బెనెగళ్ పోయాడు. తొంభయ్యో పుట్టినరోజు జరిగి తొమ్మిది రోజులే. తర్వాత వచ్చిన నివాళుల్లో చాలావాటిలో యాడ్ ఉద్యోగానికి దక్కింది ఒక్క వాక్యం: “తొలుత ప్రకటనల రంగంలో పనిచేసి...” అంతే, తర్వాతి వాక్యంలో 'అంకుర్' వచ్చేస్తుంది. ఆ ఉద్యోగం ఏదో జైలు శిక్షలాగా, అందులోంచి బయటపడ్డాకే అసలు మనిషి మొదలైనట్టుగా. లెక్క చూస్తే అలా లేదు. 1934లో తిరుమలగిరిలో పుట్టాడు. తండ్రి ఫొటోగ్రాఫర్. ఆ తండ్రి కెమెరాతోనే పన్నెండేళ్లకు మొదటి సినిమా తీశాడు. ఉస్మానియాలో ఎకనామిక్స్ ఎం.ఏ. చేశాడు, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. 1959లో బొంబాయిలో లింటాస్‌లో కాపీరైటర్‌గా చేరాడు. అక్కడే మెట్టుమెట్టుగా ఎక్కి క్రియేటివ్ హెడ్ అయ్యాడు. 1963లో ఏఎస్‌పీ అనే ఇంకో ఏజెన్సీకి వెళ్లాడు. ప్రకటనలూ, ఎవరో డబ్బిచ్చి తీయించుకునే డాక్యుమెంటరీలూ కలిపి తొమ్మిది వందల పైచిలుకు తీశాడు. 'అంకుర్' వచ్చింది 1974లో. అప్పటికి ఆయనకు దగ్గర దగ్గర నలభై.

అంటే చేతికి పట్టు దొరికే వయసంతా సబ్బులూ పౌడర్లూ అమ్మడంలోనే గడిచింది. లింటాస్ అన్న పేరులోనే లీవర్ కంపెనీ ఉంది. లీవర్ సరుకు అమ్మడానికి పుట్టిన ఏజెన్సీ అది. తొమ్మిది వందల సార్లు ఒకే పని చేసినవాడి చేతికి ఆ పని అంటకుండా ఉంటుందా?

నాకిది తెలుసు అనడానికి ఒక కారణం ఉంది. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీలో నేను నాలుగేళ్లు కాపీ రాశాను. “రాశాను” అనడం కూడా ఎక్కువే. ముంబై నుంచి హిందీ స్క్రిప్ట్ వచ్చేది. నటుల పెదవులకు సరిపోయేలా తెలుగు మాటలు అమర్చేవాణ్ని. ఒకసారి విత్తనాల యాడ్‌లో రైతు చేత “ఈసారి మంచిగ పండింది” అనిపించాను. “అందరికీ అర్థమయ్యే తెలుగు కావాలి” అని వెనక్కొచ్చింది. “బాగా పండింది” అని దిద్ది పంపాను. అదే యాడ్‌లో ఆ రైతు తలకు చుట్టుకున్న పాగా ఏ రాష్ట్రానిదో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఉద్యోగం మానేశాక కూడా ఆ “మంచిగ” నన్ను వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణమే.

ముందు పొగడ్త. ముప్ఫై సెకన్ల ప్రకటనకు ఒక చట్రం ఉంటుంది. మొదట ఇంట్లో ఏం లోటో చెప్పాలి. తర్వాత సరుకు రావాలి. చివర్లో ఇంటిల్లిపాదీ నవ్వాలి. లోటు, సరుకు, సంతోషం. 'అంకుర్' ఎలా మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. అమ్మవారి దగ్గర లక్ష్మి (షబానా ఆజ్మీ) బిడ్డ కావాలని మొక్కుకుంటుంది. లోటేమిటో మొదట్లోనే తెలిసిపోయింది. మొగుడు కిష్టయ్య (సాధు మెహెర్) మాటా వినికిడీ లేని కుమ్మరి. పని లేదు, తాగుడు ఉంది. ఇక రావాల్సింది వస్తుంది. సిటీలో చదివిన దొర కొడుకు సూర్య (అనంత్ నాగ్) పొలం చూసుకోవడానికి ఊళ్లోకి దిగుతాడు. లక్ష్మి కడుపు పండుతుంది. కోరిక తీరింది. కానీ ఆ తీరిన కోరికే ఆమె మెడకు చుట్టుకుంటుంది. సూర్య పెళ్లాం కాపురానికి వస్తుంది, లక్ష్మి పని పోతుంది. మొదట పిలిచి ఇంట్లో పెట్టుకున్నవాడే ఇప్పుడు కడుపు తీయించుకొమ్మంటాడు.

ఇక సంతోషం. ఈ కథలో నిజంగా సంతోషించేవాడు ఒక్కడే, కిష్టయ్య. కల్లు దొంగతనం చేశాడని గుండు గీయించి, గాడిదెక్కించి ఊరేగిస్తే సిగ్గుతో ఊరొదిలి పోయినవాడు. తాగుడు మాని, నాలుగు రూపాయలు సంపాదించుకుని తిరిగొస్తాడు. పెళ్లాం కడుపు చూసి మురిసిపోతాడు. పని అడుగుదామని దొర దగ్గరికి పోతాడు. పగ తీర్చుకోవడానికి వస్తున్నాడని భయపడి సూర్య అతన్ని పట్టించి కొరడాతో కొడతాడు. ప్రకటన చివర్లో నవ్వాల్సిన మొహం ఇక్కడ దెబ్బలు తింటుంది. ఈ చట్రాన్ని తొమ్మిది వందల సార్లు సూటిగా వాడినవాడికే దాన్ని ఎక్కడ విరవాలో అంత కచ్చితంగా తెలుస్తుంది.

సూర్య పాత్ర కూడా ఏజెన్సీ అనుభవం లేకుండా అలా వచ్చేది కాదు. లక్ష్మిని చాయ పెట్టమంటాడు. మా చేతిది మీరెలా తాగుతారని ఆమె వెనకాడితే, తనకు అలాంటి పట్టింపులు లేవంటాడు. తాగుతాడు. ఊళ్లో గుసగుసలు మొదలైనా లెక్కచేయడు. మొదటిసారి చూస్తే మంచి కుర్రాడే అనిపిస్తుంది. ఆధునికుడు, చదువుకున్నవాడు, పాత ఆచారాలు పట్టనివాడు. ఆనాటి ప్రకటనలు ఎవరి కోసం తీసేవారో అచ్చం ఆ మనిషే. బెనెగళ్ ఆ కుర్రాడికి పదిహేనేళ్లు సరుకులు అమ్మాడు. అతనికి కొత్తదనం ఒక స్టైలని, ఖర్చు పడనంత వరకే వేసుకుని తిరుగుతాడని బాగా ఎరిగినవాడు. “నాకు కులం పట్టింపు లేదు” అనేది సూర్య ప్రకటన. లోపల సరుకు వాళ్ల నాయనదే. ఆ నాయన ఇంకో ఆడమనిషిని ఉంచుకున్నాడు, ఆమె కొడుక్కి భూమి కూడా రాసిచ్చాడు. లక్ష్మి కడుపులో బిడ్డకు సూర్య ఇవ్వజూపింది అది కూడా కాదు. ప్రకటనకీ సరుక్కీ మధ్య ఎంత దూరమో కొలిచి చూపించిన సినిమా ఇది. ఆ దూరాన్ని రోజూ కప్పిపెట్టిన ఉద్యోగి తీశాడు.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. ఈ కథ పట్టుకుని బెనెగళ్ పదేళ్లకు పైగా నిర్మాతల చుట్టూ తిరిగాడు. చివరికి పెట్టుబడి పెట్టింది బ్లేజ్ సంస్థకు చెందిన మోహన్ బిజ్లానీ, ఫ్రేనీ వరియావా. బ్లేజ్ చేసే వ్యాపారం సినిమా హాళ్లకు ప్రకటన చిత్రాలు సరఫరా చేయడం. అసలు సినిమాకు ముందు, మనం సీటు వెతుక్కుంటూ చూసీ చూడనట్టు వదిలేసే ఆ యాడ్‌ల డబ్బే 'అంకుర్' అయింది. సంగీతం ఇచ్చిన వన్‌రాజ్ భాటియా అప్పటికే వేల జింగిల్స్ చేసిన మనిషి. కొత్త సినిమా అని మనం పిలుచుకునేదానికి పునాది వాణిజ్యానికి దూరంగా పడలేదు, నట్టనడుమ పడింది. బెర్లిన్ ఉత్సవానికి వెళ్లింది, షబానాకూ సాధు మెహెర్‌కూ జాతీయ అవార్డులు వచ్చాయి. దీన్ని చూసి ముక్కు విరవాల్సిన పనిలేదు. డబ్బు ఎక్కడిదన్నదాని కంటే డబ్బిచ్చినవాడు కథలో ఎక్కడ కూర్చున్నాడన్నది పెద్ద ప్రశ్న. 'అంకుర్'లో బ్లేజ్ ఎక్కడా కూర్చోలేదు.

కూర్చున్న సినిమాలూ ఉన్నాయి. 'మంథన్' (1976) గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసి తీయించుకున్న సినిమా. ఒక రకంగా అది సహకార సంఘానికి ప్రకటనే. అయినా సంఘం ఎన్నికల్లో కులం ఎలా తన్నుకుంటుందో చూపించింది. ఊరిని మార్చాలని వచ్చిన డాక్టర్ రావు (గిరీష్ కర్నాడ్) ఓడి వెళ్లిపోతాడు. పని చేపట్టేది ఊళ్లోని భోలా (నసీరుద్దీన్ షా). క్లయింట్‌కు కావాల్సింది ఇస్తూనే నిజాన్ని వదులుకోని పని ఇది. అదే 'సుస్మన్' (1987)కి వచ్చేసరికి కొంచెం కుదుపు తెలుస్తుంది. పోచంపల్లి నేతగాడు రాములు (ఓం పురి) బిడ్డ పెళ్లి చీర కోసం పట్టు దాచుకునే భాగం చూస్తే గుండె పట్టేస్తుంది. కానీ చేనేత సంఘాల సొమ్ముతో తీసిన ఆ సినిమాలో సహకారం గురించీ ఎగుమతుల గురించీ మాటలు మొదలైన చోటల్లా నాకు కరపత్రం చదువుతున్నట్టే ఉంటుంది. రాములు మగ్గం ముందు నోరు మూసుకుని కూర్చుంటే సినిమా మాట్లాడుతుంది. పక్కవాళ్లు మాట్లాడటం మొదలుపెడితే అది మూగబోతుంది.

ఇక ఫిర్యాదు. రెండేళ్ల కింద దసరాకు ఊరికి పోయినప్పుడు ల్యాప్‌టాప్‌లో 'అంకుర్' పెట్టి మా మామకు చూపించాను. ఎల్లారెడ్డి కాదు, ఎల్లారెడ్డిగూడ అని ముందే చెప్పాను. “ఏదైతేంది తియ్, చూద్దాం” అన్నాడు. చాయ సీను దగ్గర ఆపమన్నాడు.

“ఈ పిల్ల ఎవరంటివి?”

“కుమ్మరోళ్లు మామా.”

“కుమ్మరోళ్ల చేతి చాయకే గంత లొల్లా? బోనం కుండ వాళ్లింటికెల్లే వస్తది. మన పోచమ్మకు పూజ చేసేది వాళ్లే గదరా.”

నా దగ్గర జవాబు లేదు. లక్ష్మిని దళిత స్త్రీ అని చాలామంది విమర్శకులు రాస్తారు. కిష్టయ్య మాత్రం కుమ్మరి. తెలంగాణ ఊళ్లో ఈ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో ఎల్లారెడ్డి అంగట్లో ఎవరినడిగినా చెప్తారు. దొరల ఇళ్లల్లో కుమ్మరోళ్లకూ ఏవో హద్దులు ఉండే ఉంటాయి, కాదనను. కానీ సినిమా ఆ హద్దు ఎక్కడుందో చూపించదు. “తక్కువ కులం” అనే ఒక మొత్తం మూట చూపిస్తుంది. బొంబాయిలోనో బెర్లిన్‌లోనో కూర్చుని చూసేవాడికి అది చాలు. నా విత్తనాల యాడ్‌లో రైతు తలపాగా లాంటిదే ఇది. ఏ ఊరిదని అడిగేవాళ్లు చూసేవాళ్లలో ఉండరన్న నమ్మకం. ప్రతివాడూ “ఇది మా ఊరే” అనుకోవాలంటే ఊరిలోంచి కొన్ని గీతలు చెరిపేయాలి. నేను మొదట పొగిడిన పనికి ఇదే ఖరీదు.

భాష గొడవ ఇంతకంటే చిక్కు. 'అంకుర్' దక్కనీలో మాట్లాడుతుంది. అందులో తప్పు పట్టేముందు ఒక న్యాయం చెప్పాలి. దక్కనీ మనకు పరాయిది కాదు. కామారెడ్డి బస్టాండులో ఒక గంట నిలబడితే చెవిన పడుతుంది. 'గుమ్‌నామ్' (1965)లో మెహమూద్ లాంటివాళ్ల నోట హిందీ సినిమా ఈ భాషను నవ్వించడానికే వాడుకుంది. ఆ భాషలో ఒక ఆడమనిషి ఏడ్వగలదని, శపించగలదని మొదట చూపించినవాళ్లలో బెనెగళ్ ఒకడు. చివర్లో లక్ష్మి సూర్య మొహం మీద అరిచే అరుపు వినండి. ఆ తర్వాత దక్కనీ విని నవ్వడం అంత తేలిక కాదు.

కానీ లక్ష్మీ కిష్టయ్యల ఊళ్లో ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఆ తెలుగు సినిమాలో పేర్ల దగ్గరే ఆగిపోయింది. 'నిశాంత్' (1975) కూడా అంతే: 1945 నాటి తెలంగాణ, దొరల దౌర్జన్యం, మాట మాత్రం హిందీ. బెనెగళ్‌కు తెలుగు పట్టదని కాదు. 'కొండూరా'ను 1978లో తెలుగులో 'అనుగ్రహం'గా వాణిశ్రీ, రావు గోపాలరావులతో తీశాడు. అయినా అది మరాఠీ నవలకు చేసిన సినిమా, తెలంగాణ దొర కథ కాదు. దొర కథకు తెలుగు దొరికింది గౌతమ్ ఘోష్ 'మాభూమి'లో, తర్వాత బి. నర్సింగరావు 'దాసి' (1988)లో. 'దాసి'లో అర్చన నోట మాటలే తక్కువ. కానీ ఆ గడీలో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో, ఎవరు ఎక్కడి దాకా నడవచ్చో గీత గీసినట్టు తెలుస్తుంది. 'అంకుర్' నాకు కోపం తెప్పిస్తుంది. 'దాసి' చూస్తే భయమేస్తుంది, ఎందుకంటే అందులో అర్థం కాకుండా వదిలేసింది ఏమీ లేదు. ఎక్కువమందికి చేరాలని తీసినదానికీ, ఇక్కడివాళ్ల మధ్యన నిలబడి తీసినదానికీ తేడా ఇదే. రెండూ కావాలి. ఒకదాని పని ఇంకొకటి చేసిందని అనుకోకపోతే చాలు.

ఈ వ్యాసం చదివేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లోనే ఉన్నారు. పగలు ఏదో యాప్‌కు నోటిఫికేషన్లు రాస్తారు, రాత్రి కథ రాస్తారు. పగటి రాత వల్ల చెయ్యి పాడవుతుందేమోనని భయపడతారు. నేనూ భయపడ్డాను. బెనెగళ్ జీవితం చెప్పేదేమిటంటే చెయ్యి పాడవదు. చెయ్యి నేర్చుకుంటుంది. క్లుప్తత వస్తుంది, ఎదుటివాడి కోరిక ఎక్కడుందో తెలుస్తుంది, గడువుకు పని ముగించడం అలవాటవుతుంది. జాగ్రత్తగా ఉండాల్సింది చెయ్యి గురించి కాదు, చెవి గురించి. “అందరికీ అర్థమయ్యేది రాయి” అన్న మాట పదిసార్లు వింటే పదకొండోసారి ఎవరూ చెప్పనక్కర్లేదు, “మంచిగ”ను మనమే కొట్టేస్తాం.

ప్రకటనల్లో చివరి షాట్‌ను ప్యాక్ షాట్ అంటారు. అంతా అయ్యాక సరుకును దగ్గరగా చూపించి, ఇది గుర్తుపెట్టుకో అనడం. 'అంకుర్'కూ అలాంటిదే ఉంది. కిష్టయ్య దెబ్బలు తిన్నాక ఒక పిల్లవాడు సూర్య ఇంటి మీద రాయి విసిరి పరిగెత్తుతాడు. తెర ఎర్రబడుతుంది. యాభై ఏళ్లుగా అందరూ ఆ రాయి గురించే రాశారు. అది పనిచేసిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. నాకూ సినిమా అనగానే ముందు గుర్తొచ్చేది ఆ రాయే.

మా మామ రాయి గురించి ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూస్తుంటే అడిగాడు: “గా పిలగాన్ని తెల్లారి దొర ఇడిసిపెట్టిండా?”

ఆ ప్రశ్నకు 'అంకుర్'లో జవాబు లేదు. తెర ఎర్రబడ్డాక ఇక అడగకూడదనే ఆ ముగింపు ఉద్దేశం. తెల్లారి ఏమైందో రాయాల్సింది ఆ ఊళ్లో తెల్లారి నిద్రలేచేవాళ్లు. అది ఎల్లారెడ్డిగూడ అయినా సరే, మా ఎల్లారెడ్డి అయినా సరే.